ఉర్సులా బ్రెండెల్ దస్తూరి

రత్నకుమారి చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె భర్త శ్రీచరణ్ "పాత కాగితాలకు దుమ్ము దులపడం" అని చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. మైన్ నది ఒడ్డున ఒక చిన్న పట్టణం. ఆ పట్టణపు ఆర్కైవ్‌లో ఆమె రోజూ ఉదయం ఎనిమిదింటికి మెత్తటి కుంచె పట్టుకుని కూర్చుంటుంది. మూడు నాలుగు వందల ఏళ్ళనాటి కాగితాలను ఒక్కొక్కటిగా విప్పి, దుమ్ము తుడిచి, చిరుగులు ఎక్కడున్నాయో రాసుకుని, స్కానర్ కిందికి పంపుతుంది. ఆ కాగితాల మీద ఏముందో చెప్పడం ఆమె పని కాదు. అది పరిశోధకులు చూసుకుంటారు.

ఎష్‌బోర్న్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీలో శ్రీచరణ్‌కు ఉద్యోగం దొరికి, బ్లూ కార్డు వీసా మీద ఇద్దరూ జర్మనీకి వచ్చేనాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. అంతకు ముందు కాకినాడలో ఒక కళాశాల గ్రంథాలయంలో నాలుగేళ్ళు పనిచేసింది. ఇక్కడికి వచ్చాక మొదటి కొన్నేళ్ళు ఆమె చదివినవల్లా అద్దె ఒప్పందాలూ, ఆఫీసుల నుంచి వచ్చే తాఖీదులూ. ముప్పై ఏడో ఏట, రెండేళ్ళ కూతురు ఈషాను కీటా అనే పసిపిల్లల కేంద్రంలో వదిలిపెట్టి, పందొమ్మిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ఆర్కైవ్ సహాయకురాలి శిక్షణ మూడేళ్ళపాటు పూర్తిచేసింది. పాత జర్మన్ చేతిరాత చూస్తే ఆ పిల్లలకు తల తిరిగేది. ఆమెకు మాత్రం పాతకాలపు అచ్చు అక్షరాలూ చేతిరాతా రెండూ సమానంగా కొత్తవే కనుక, రెండింటినీ ఒకే ఓపికతో నేర్చుకుంది. శిక్షణ ముగిశాక స్కానింగ్ ప్రాజెక్టులో తాత్కాలికంగా చేరి నాలుగేళ్ళయింది. దాన్ని శాశ్వతం చేయాలా వద్దా అన్నది ఈ అక్టోబరులో తేలాలి.

అయితే ఆ సెప్టెంబరులో ఊరంతా మాట్లాడుకుంటున్నది ఈషా చదివే బడి గురించి.

ఆ బడి పేరు ఉర్సులా బ్రెండెల్ పాఠశాల. పదిహేడవ శతాబ్దంలో ఒక ఉపాధ్యాయుడి వితంతువు తన ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకు చదవడం, రాయడం నేర్పింది. ఆ ఊళ్ళో ఆడపిల్లలకు అదే మొదటి బడి. ఆమె పేరునే నలభై ఏళ్ళ క్రితం ఈ పాఠశాలకు పెట్టారు. గత వసంతంలో డాక్టర్ రీడెల్ అనే చరిత్ర పరిశోధకుడు ఆర్కైవ్ స్కాన్లలో పద్నాలుగు ఉత్తరాలను బయటికి తీశాడు. ఇంగ్లండులో రాజుకు శిరచ్ఛేదం చేయించినవారు, ఆ రాజు కొడుకు తిరిగి గద్దె ఎక్కాక, ప్రాణాలు అరచేత పట్టుకుని ఐరోపా అంతటా చెదిరిపోయారు. వారిలో ముగ్గురు మారుపేర్లతో, బట్టల వర్తకులమని చెప్పుకుని ఈ ఊళ్ళో తలదాచుకున్నారు. వారు ఎవరితో కలుస్తున్నారో, ఎటు వెళుతున్నారో ఎవరో డబ్బు తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక ద్రాక్షసారా వర్తకుడికి ఉప్పందించారు. అతడు ఆ సంగతులను ఇంగ్లీషులో తిరగరాసి కొత్త రాజు మనుషులకు చేరవేసి, అసలు ఉత్తరాలను తన పెట్టెలో దాచుకున్నాడు. ముగ్గురిలో ఇద్దరు దారిలో పట్టుబడి ఉరికంబమెక్కారు. ఉత్తరాల కింద సంతకం లేదు. కాని రీడెల్ వాటిని బ్రెండెల్ తన చేత్తో రాసిన బడి హాజరు పట్టీతో పోల్చి చూశాడు. చేతిరాత ఉర్సులా బ్రెండెల్‌దే. సందేహానికి తావు లేదు.

వార్త పత్రికకెక్కింది. గూఢచారి పేరు బడికి ఉండకూడదని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. సెప్టెంబరు చివరి గురువారం పురపాలక మండలిలో ఓటింగు.

"అమ్మా, ఆవిడ ష్పియోనిన్ అంట! డబ్బులు తీసుకుని మనుషుల్ని పట్టించిందంట," అంది ఈషా ఒక ఉదయం పాలలో కార్న్‌ఫ్లేక్స్ కలుపుకుంటూ. "మా క్లాసులో కొత్త పేరుకి అబ్‌ష్టిమ్ముంగ్ అయింది. ఈగెల్ షూలెకి ఎక్కువ ఓట్లు పడ్డాయి."

"ముళ్ళపంది బడా?" అన్నాడు శ్రీచరణ్. "బావుంది. ముళ్ళపంది ఎవరి మీదా చాడీలు చెప్పదు."

"ఏవండీ, మీరు ఎగదోయకండి," అంది రత్నకుమారి.

"నేనేమన్నాను? మన కిందింటావిడ, మనం సీసా తప్పు చెత్తడబ్బాలో వేసినప్పుడల్లా బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్‌కి ఫోన్ కొడుతుంది కదా. మూడొందల ఏళ్ళ తరవాత ఆవిడ పేరు కూడా ఏ బడికో పెట్టేస్తారు చూడు."

ఈషా నవ్వి, అంతలోనే ఆగింది. "బడి గోడ మీంచి బ్రెండెల్ పటం తీసేస్తారా అమ్మా? నేను వేసిన బొమ్మ కూడా అక్కడే ఉంది."

రత్నకుమారి కూతురి బడిసంచీకి జిప్పు వేసింది. ఆ ఉత్తరాలను తానే స్కాన్ చేసింది. రీడెల్ రాసిన వ్యాసం చదివింది. అందులో తొందరపాటు ఎక్కడా కనబడలేదు. ఒక్కటి మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. తెల్లవారకముందే ఏ పడవలో ఎవరు నది దాటారో, ఎన్ని పెట్టెలు దింపారో ఆ ఉత్తరాలలో పూసగుచ్చినట్టు ఉంది. నది నుంచి మూడు వీధుల అవతల బడి నడుపుకునే వితంతువు అవన్నీ ఎలా చూసిందని ఆమెకు అనుమానం. అయినా అనుమానం సాక్ష్యం కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఓటింగుకు తొమ్మిది రోజుల ముందు, ప్రదర్శనలో పెట్టడానికని ఆ ఉత్తరాలు మళ్ళీ ఆమె బల్ల మీదికి వచ్చాయి. అద్దాల పెట్టెలో ఉంచే కాగితాన్ని పూర్తిగా విప్పి, రెండు వైపులా పరీక్షించి, తేమ పట్టించి చదును చేయాలి. స్కానింగుకు అంత పని అవసరం లేదు. మొదటి ఉత్తరం వెనుక ముద్ర వేసిన ఎర్ర మైనం ఎండిపోయి సగం మిగిలి ఉంది. లోపలికి దోపిన చివరి మడతను చిన్న చెక్కపుల్లతో లేపింది. మైనం అంచు కింద నుంచి గోరంత గుర్తు బయటపడింది. నిలువుగా ఒక గీత, కొసన కొక్కెంలా వంపు, అడ్డంగా రెండు చిన్న గీతలు. కలం ఒత్తిపట్టి, చెయ్యి తిరగనివాడు గీసినట్టు వంకరగా ఉంది.

ఆమె రెండో ఉత్తరం మడత లేపింది. అదే గుర్తు. మూడోది, నాలుగోది చూసింది. పద్నాలుగింటికీ ఉంది.

ఆమె లేచి వెళ్ళి, రెండేళ్ళనాటి స్కానింగు పట్టికను తెరిచింది. వెనుక పుటలకు అందులో ఒక గడి ఉంది. రాత ఉంటే స్కాన్ చేయాలి, లేకపోతే 'ఖాళీ' అని టిక్కు పెట్టి వదిలేయాలి. ప్రాజెక్టు నియమం అది. ఉత్తరాలు చేతి నుంచి చేతికి అందినవి కనుక వెనుక చిరునామా కూడా లేదు. పద్నాలుగు వరుసలలోనూ 'ఖాళీ' అనే టిక్కు ఉంది. చివర పొడి అక్షరాలు ఆమెవే. మడతలు లేపి చూడలేదు. ఆ రోజు పూర్తి చేయవలసిన పెట్టెలు ఇంకా రెండు ఉన్నట్టు గుర్తు. రీడెల్ పనిచేసింది ఆ స్కాన్ల మీదే. వెనుక ఏమీ లేదని ఆయనకు ఆర్కైవే చెప్పింది, అంటే రత్నకుమారే చెప్పింది.

మధ్యాహ్న భోజన విరామంలో ఆమె నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని తండ్రి విశ్వనాథానికి ఫోన్ చేసింది. ఆయన రామచంద్రపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట నలభై ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేసి, ఇప్పుడు కాకినాడలో కొడుకు దగ్గర ఉంటున్నారు.

"పడుకున్నారా నాన్నా?"

"సాయంత్రం అయిదు కావస్తుంటే పడకేవిటే? టీ తాగుతున్నా. చెప్పు."

ఆమె విషయమంతా చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు "ఊఁ" అన్నారు.

"ఇందులో వింతేవుంది?" అన్నారు చివరికి. "'నా స్వార్జితమైన ఎకరం ముప్పై సెంట్లు మీకు విక్రయించినాను' అని నేను ఎన్ని వేలసార్లు రాశానో. అమ్మింది నేనా? నాకు అడుగు నేల కూడా లేదు. అమ్మినవాడు పక్కన నిశానీ వేసేవాడు. అడుగున 'దస్తూరి విశ్వనాథం' అని నేను రాసుకునేవాణ్ణి. రాసిన చెయ్యి వేరు, మాట ఇచ్చిన మనిషి వేరు. ఆ డాక్టరుగారికి ఈ మాత్రం తెలీదా?"

"తెలుసు నాన్నా. కానీ గుర్తు కనపడలేదు ఆయనకి. నేనే కనపడనివ్వలేదు."

"అంటే?"

"ఖాళీ అని టిక్కు పెట్టేశాను. చూడకుండా."

అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"రాయడం రానివాడు జన్మకి ఒక్క గుర్తే నేర్చుకుంటాడే," అన్నారు ఆయన, ఈసారి నెమ్మదిగా. "ఎక్కడ వేసినా దాన్నే వేస్తాడు. ఇంకో కాగితం మీద తప్పకుండా ఉంటుంది. దాన్ని పట్టుకో. ఇంకొకటి. ఆవిడని మరీ దేవతని చెయ్యకు. రాసేవాడికి ఏం రాస్తున్నాడో తెలుస్తుంది. కొన్ని కాగితాలు రాసొచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. అయినా రాశాను."

బ్రెండెల్ కాలంలో ఆ పట్టణంలో పౌరుడిగా నమోదయ్యే ప్రతివాడూ మండలి ఎదుట ప్రమాణం చేసేవాడు. గుమాస్తా పేరు రాస్తే, చదువురానివారు పక్కన తమ ఇంటి గుర్తు వేసేవారు. ఆ ప్రమాణాల పుస్తకం ఆర్కైవ్ నేలమాళిగలోనే ఉంది. రత్నకుమారి రెండు రోజులు తన పని ముగించుకున్నాక మిగిలిన గంటలో దాన్ని పుట పుటా తిప్పింది. మూడో రోజు దొరికింది. నిలువు గీత, కొక్కెం, అడ్డంగా రెండు గీతలు. పక్కన గుమాస్తా చేతిరాతలో 'ఫైట్ హోలర్, రేవు పడవవాడు' అని ఉంది.

ఆ సాయంత్రమే ఆమె ఆర్కైవ్ అధిపతి ఫ్రావ్ లెంజ్ గది తలుపు తట్టింది. ఫ్రావ్ లెంజ్ మితభాషి. మరో ఏడాదిలో పదవీ విరమణ. రత్నకుమారి ఉత్తరాలను, ప్రమాణాల పుస్తకాన్ని, వాటి పక్కన తన స్కానింగు పట్టికను కూడా బల్ల మీద పెట్టింది.

"ఈ టిక్కులు ఎవరివి?"

"నావి."

"ఇలా 'ఖాళీ' అని మొత్తం ఎన్ని పెట్టి ఉంటారు?"

"నిన్న లెక్క చూశాను. పదకొండు వందల నలభై."

ఫ్రావ్ లెంజ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ ఒప్పందం గురించి సిబ్బంది విభాగంతో మీ సమావేశం ఎప్పుడు?"

"తొమ్మిదో తారీఖున."

"పట్టిక లేకుండా ఉత్తరాలు ఒక్కటే తెచ్చి ఉండవచ్చు. కొత్తగా కనిపెట్టానని చెబితే మెచ్చుకునేవాళ్ళం."

"డాక్టర్ రీడెల్ పొరబడ్డారని అందరూ అనుకునేవాళ్ళు," అంది రత్నకుమారి. "ఆయన పొరబడలేదు. ఆయనకు మనం సగం కాగితమే ఇచ్చాం."

మర్నాడు రీడెల్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, సైకిల్ హెల్మెట్ చేతిలోనే ఉంది. భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"ఈ గుర్తు ఆ వర్తకుడు వేసుకున్నదై ఉండవచ్చు," అన్నాడు. "దాఖలు కోసం."

"గుర్తు మైనం కింద ఉంది, డాక్టర్ రీడెల్. మైనం పోశాకే కదా ఉత్తరం ఆయనకు చేరింది?"

అతడు మళ్ళీ భూతద్దం మీదికి వంగాడు. "నిజమే. సరే, బ్రెండెలే తన మీదికి రాకుండా పడవవాడి గుర్తు వాడుకుని ఉండవచ్చు."

"ఉండవచ్చు. కాని మూడు ఉత్తరాలలో డబ్బు రేవు గుడిసెలో ఇమ్మని ఉంది. పడవలు, పెట్టెలు, తెల్లవారుజాము సంగతులు. ఆమెకు అవి పిల్లల ద్వారా తెలిసి ఉంటాయని మీరు రాశారు."

"అలా రాసినప్పుడు నాకే అంత నమ్మకం కలగలేదు," అని అతడు ఒప్పుకున్నాడు. హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "ఆరు నెలలుగా నేను చూస్తున్నది ఈ ఉత్తరాల స్కాన్లనే. పత్రికకు ఇంటర్వ్యూ కూడా ఇచ్చాను. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది, ఫ్రావ్ రత్నకుమారి."

"న్యాయమే."

"గురువారం నాడు మీరు మాట్లాడతారా, నేను మాట్లాడాలా?"

"చేతిరాత గురించి మీరు చెప్పండి. టిక్కుల సంగతి నేను చెబుతాను."

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆమె తప్పు చిన్నది కాదు. అలవాటుగా పెట్టిన ఒక టిక్కు ఎంతమంది చేత నమ్మకంగా తప్పు మాట పలికిస్తుందో, ఆ పట్టణం ఆరు నెలలపాటు చూసింది. నియమం అలా ఉందని ఆమె చెప్పవచ్చు. నియమం ఖాళీ పుటలను వదిలేయమంది. చూడని పుటను ఖాళీ అనమని ఏ నియమమూ చెప్పలేదు. ఈ తేడా ఆమెకు ఎవరూ ఎత్తిచూపవలసిన పని లేకపోయింది. అందుకే ఆమె మాటకు బరువు వచ్చింది.

గురువారం సాయంత్రం మండలి భవనంలో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. రీడెల్ చేతిరాతలను తెర మీద చూపించి, తాను మొదట చెప్పినది ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చెప్పాడు. తరువాత రత్నకుమారి లేచింది. కాగితం చూడకుండా నాలుగు నిమిషాలు జర్మన్‌లో మాట్లాడింది. మొదటి వాక్యం తన తప్పు గురించి. తరువాత గుర్తు, మైనం, ప్రమాణాల పుస్తకం, రేవు గుడిసె. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ముందు వరుసలోంచి ఒక సభ్యుడు చెయ్యెత్తాడు. పేరు మార్చాలన్నవారిలో ఆయన ముఖ్యుడు. "అయితే ఆమె నిర్దోషి అంటారా?"

"అనను."

సభలో కలకలం లేచింది. బడి ప్రధానోపాధ్యాయురాలు గబుక్కున తలెత్తి చూసింది.

"ఆమెకు తెలుసు," అంది రత్నకుమారి. "ప్రతి మాటా ఆమె చేత్తోనే రాసింది. పడవవాడికి భయపడి రాసిందా, కూలి కోసం రాసిందా, చదువురానివారికి రాసిపెట్టడం తన పని అనుకుని రాసిందా, నాకు తెలియదు. ఆమె ఆ మనుషులను అమ్ముకుందని రుజువు కాలేదు. ఆమెకు ఏ పాపమూ అంటలేదని కూడా రుజువు కాలేదు. మనకు తెలిసినంతే బడి గోడ మీద రాయండని మాత్రం అడుగుతున్నాను."

"పిల్లలకు ఇదంతా ఎలా అర్థమవుతుంది?" అన్నాడాయన.

ప్రధానోపాధ్యాయురాలు కూర్చున్నచోటి నుంచే అంది: "నా పిల్లలు రోజుకు ఇరవైసార్లు అడిగే ప్రశ్న ఒకటే, హెర్ర్ కోబెర్. వాడు చేశాడా, చేయమని ఇంకెవరైనా చెప్పారా అని. వాళ్ళకు మీకంటే త్వరగా అర్థమవుతుంది."

జనం నవ్వారు. కోబెర్ కూడా నవ్వాడు. తరువాత ఓట్లు లెక్కించారు. పేరు ఉంచాలని పందొమ్మిది మంది, మార్చాలని పన్నెండు మంది. కోబెర్ మార్చాలనే ఓటు వేశాడు. కాని గోడ మీద నిజం రాయాలన్న తీర్మానం ప్రతిపాదించింది ఆయనే.

తొమ్మిదో తారీఖున సిబ్బంది విభాగం రత్నకుమారి ఫైలులో తప్పును వివరంగా నమోదు చేసింది. శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఒప్పందాన్ని మరో రెండేళ్ళు పొడిగించి, 'ఖాళీ' టిక్కులన్నిటినీ తిరిగి పరిశీలించే పని ఆమెకే అప్పగించింది. ఆ సాయంత్రం శ్రీచరణ్ అడిగాడు, "పదకొండొందల నలభై కాగితాలా? ఒక్కదాంట్లోనైనా బంగారం దొరుకుతుందా?"

"ముందే మొదలుపెట్టేశాను. చూసిన మొదటి నూట అరవైలో నలభై ఒక్కటి నిజంగానే ఖాళీ కాదండీ."

"అమ్మో. ఏముంది వాటిలో?"

"ఒకదాంట్లో ఉల్లిపాయల పులుసు ఎలా కాచాలో ఉంది. రేపు చేస్తాను, తినండి."

గోడ మీదికి నాలుగు వాక్యాలు రాయడానికి రీడెల్, ఫ్రావ్ లెంజ్, రత్నకుమారి మూడు వారాలు తీసుకున్నారు. పడవవాడు 'బలవంతం చేసి' రాయించాడని రీడెల్ రాస్తే ఆమె కొట్టేసింది. అలాగని ఎక్కడుందని అడిగింది. 'అమాయకంగా' అని ఫ్రావ్ లెంజ్ రాస్తే రీడెల్ కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇది: ఈ ఊళ్ళో ఆడపిల్లలకు మొదట చదువు చెప్పింది ఉర్సులా బ్రెండెల్. రేవు పడవవాడు ఫైట్ హోలర్ తన గుర్తు వేసి పంపిన పద్నాలుగు వేగు ఉత్తరాలను రాసింది కూడా ఆమే. ఆ ఉత్తరాల వల్ల ఇద్దరు మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆమె వాటిని ఎందుకు రాసిందో మాకు ఇంకా తెలియదు.

ప్రధానోపాధ్యాయురాలు ఆ పలకను పెద్దల ఎత్తున కాక, మూడో తరగతి పిల్లల కళ్ళకు అందేటట్టు పెట్టించింది. నవంబరులో ఒక మధ్యాహ్నం ఈషాను తీసుకువెళ్ళడానికి వచ్చిన రత్నకుమారికి, దాని ముందు ఇద్దరు ఆడపిల్లలు నిలబడి వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదువుతూ కనిపించారు. వారిలో ఒకతె ఆమెను గుర్తుపట్టింది.

"ఈషా అమ్మగారూ, ఇంకా తెలియదంటే, వెతుకుతున్నారా, మానేశారా?"

"వెతుకుతున్నాం. హోలర్ చెల్లెలి కూతురు బ్రెండెల్ దగ్గరే చదువుకుందట. ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో నిన్ననే దొరికింది."

"అయితే ఆ పిల్లకి తెలిసే ఉంటుంది," అంది ఆ అమ్మాయి, ఎంతో ధీమాగా. "పిల్లలకి అన్నీ తెలుస్తాయి. ఆ పిల్ల ఏమైనా రాసిందేమో చూడండి."

రీడెల్‌కు ఆ ఆలోచన రాలేదు. నిజానికి రత్నకుమారికీ రాలేదు. ఆమె సంచీలోంచి పెన్సిలు తీసి, ఆ అమ్మాయి చెప్పిన మాటను కాగితం మీద రాసుకుంది.